వెండిరంగు మేస్త్రి

మొన్న మా తమ్ముడు ఆదోని నుంచి వచ్చాడు. భోంచేసి, పెరట్లో చెయ్యి కడుక్కుంటూ, "అక్కా, మన కారు మేస్త్రి పోయినాడంట. అప్పుడే నాలుగైదు నెలలైనాదంట" అన్నాడు. ఆ మాట అనేసి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయి, మా ఆయనతో పత్తి ధరల గురించి మాట్లాడసాగాడు. ఎంగిలాకులు తీస్తున్న నేను అలాగే నిలబడిపోయాను. మా ఆయన ఒక్కసారి నా వైపు చూసి తల దించుకున్నారు. మా ఇంట్లో ఆ మనిషి ప్రస్తావన వచ్చి ఎన్నేళ్ళయిందో. రాకూడదని ఎవరూ కట్టడి చేయలేదు. వస్తే ఎవరి ముఖం ఎటు తిప్పుకోవాలో మాకు తెలియదు, అంతే.

నాకు ఏడుపు రాలేదు. మేస్త్రి జుట్టు గుర్తొచ్చింది. కొబ్బరినూనె రాసి వెనక్కి దువ్విన, ఒక్క వెంట్రుక కూడా చెదరని జుట్టు. కారు కిందికి వెల్లకిలా దూరి చాలాసేపు పనిచేసి బయటికొచ్చినా, చొక్కా జేబులోంచి దువ్వెన తీసి తల సవరించుకున్నాకే స్పానర్ కింద పెట్టేవాడు. ఇస్త్రీ ప్యాంటు పాడవకుండా నడుముకు గోనెపట్టా చుట్టుకునేవాడు. మెకానిక్కు అంటే మసి పట్టిన మనిషని కదా అందరూ అనుకునేది. ఈయన మాత్రం పెళ్ళికొడుకులాగా వచ్చి పెళ్ళికొడుకులాగా పోతాడని మా అవ్వ నవ్వేది.

ఊరు హాలహర్వి పక్కన ఏదో పల్లె. పని నేర్చింది బళ్ళారిలో. ఆదోనిలో పత్తి మిల్లుల వైపు పోయే దారిలో రేకుల షెడ్డు ఉండేది. లారీలు ముట్టేవాడు కాదు. జీపు తెస్తే ముఖం చిట్లించేవాడు. ఆయనకు కావలసినవి పాత అమెరికా కార్లు. డెబ్బైల్లో ఆదోని పత్తి వ్యాపారుల ఇళ్ళల్లో అలాంటివి కొన్ని ఉండేవి. పడవంత పొడుగు, ముందు సీటు మీద మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. ఒకటి మా నాయనది. బళ్ళారిలో ఎవరో పెద్దింటివాళ్ళు అమ్ముకుంటుంటే కొన్నాడు. అది పెట్రోలు తాగే తీరుకు జడిసి పెళ్ళిళ్ళకూ పండగలకూ తప్ప బయటికి తీసేవాడు కాదు. మిగతా రోజుల్లో టార్పాలిన్ కప్పుకుని మా వాకిట్లో నిలబడి ఉండేది. కదలని బండికి రోగాలు ఎక్కువ. అందుకే మేస్త్రి తరచుగా వచ్చిపోతూ ఉండేవాడు. పెద్దమనిషినయ్యాక నన్ను గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. కిటికీలోంచి నేను చూసే లోకంలో కాస్త సందడి ఉండేది ఆయన వచ్చిన రోజునే.

ఇంజను పక్కన, వేళ్ళు చాచిన చెయ్యిలాగా, పోత ఇనుముతో చేసిన గొట్టాల వరస ఒకటి ఉంటుంది. ఇంజన్లో పెట్రోలు మండి లేచిన పొగంతా ఆ గొట్టాల్లోంచి వచ్చి ఒక్కచోట కలిసి, బండి అడుగు నుంచి వెనక్కి పోతుంది. దాన్ని మ్యానిఫోల్డు అంటారు. మేస్త్రి దాన్ని 'ముక్కు' అనేవాడు. "మనిషికి ముక్కెట్లనో బండికి ఇది అట్ల పాపా. ఇది బాగలేకుంటే ఎంత గుండె ఉన్యా ఏం లాబం" అని కిటికీ వైపు చూడకుండానే నాతో చెప్పేవాడు. ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన పని ఆ ముక్కును ఊడదీసి, బాగుచేసి, మళ్ళీ బిగించడం.

ఊడదీయడమే ఒక తతంగం. తుప్పుతో బిగుసుకుపోయిన నట్టును మంటతో ఎర్రగా కాల్చి, దాని మీద కొవ్వొత్తి ముక్క అద్దేవాడు. మైనం కరిగి సందుల్లోకి దిగేది. అప్పుడు స్పానర్ పెట్టి కాస్త అటు, కాస్త ఇటు, ఊపిరి బిగబట్టి తిప్పేవాడు. నట్టు కదిలితే దువ్వెన తీసేవాడు. తర్వాత ఆ ఇనుమును కిరసనాయిలుతో కడిగి, తీగ బ్రష్షుతో రోజంతా తోమి, తుప్పు పెచ్చులన్నీ రాల్చి, చివరికి సన్న కుంచెతో వెండిరంగు పూసేవాడు. రంగు ఆరాక బిగించి ఇంజను ఆడిస్తే ఆ వేడికి రంగు కాలి వీధంతా కమురు వాసన కొట్టేది. అమ్మ తిట్టుకుంటూ తలుపులు మూసేది. ఆయన మాత్రం బానెట్టు ఎత్తి పట్టుకుని, దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి చూపించేవాడు. అందులో మొగం చూసుకోవచ్చనేవాడు. మద్రాసులో ఎవరెవరి కార్లకో ఇలాగే చేశానని చెప్పేవాడు. నమ్మినవాళ్ళు నమ్మేవాళ్ళు.

పనంతా అయ్యాక ఒక ఊదువత్తి వెలిగించి, ఇంజను ఆడుతుండగా ఆ గొట్టాల అతుకుల పొడుగునా మెల్లగా తిప్పేవాడు. మా అవ్వ పూజ చేస్తున్నాడనుకుని దండం పెట్టుకునేది. అది పూజ కాదని ఒకసారి ఆయనే చెప్పాడు. ఎక్కడైనా సందు ఉంటే లోపలి గాలి తగిలి ఊదువత్తి పొగ పక్కకు చెదురుతుందట. నిటారుగా లేస్తే అంతా బాగున్నట్టు. మధ్యాహ్నం ఆ వేడి ముక్కు మీదే, కాగితంలో చుట్టిన జొన్నరొట్టె పెట్టి వెచ్చ చేసుకునేవాడు. అమ్మ అన్నం పంపుతానన్నా వద్దనేవాడు. తను మెరుగు పెట్టిన దాని మీద వేడెక్కిన రొట్టెకు రుచి వేరని ఆయన లెక్క.

ఇంత గొప్పలు చెప్పుకునే మనిషి మీద నాకు ఇష్టముండేది. దాపరికం లేని గొప్పలవి. చిన్నపిల్లలు పలక మీద బొమ్మ వేసి చూపించినట్టు చూపించేవాడు.

నాకు ఎమ్మిగనూరు సంబంధం కుదిరింది. మా మామగారిది నూలు వ్యాపారం, నేతగాళ్ళకు నూలు ఇచ్చి చీరలు తీసుకునే ఇల్లు. పెళ్ళి ఆదోనిలో, మరునాడు గృహప్రవేశానికి ఎమ్మిగనూరు పోవాలి. కూతురు తన సొంత కార్లోనే అత్తవారింట్లో దిగాలని నాయన పట్టుదల. అక్కడ దిగాక డ్రైవరుతో వియ్యంకుడి ముందు బానెట్టు ఎత్తించి చూపించాలని ఇంకో సరదా. పెళ్ళి వారం ఉందనగా మేస్త్రికి కబురు పెట్టాడు. ముక్కు మళ్ళీ తుప్పెక్కింది, కొత్తదానిలాగా చెయ్యాలి, ఎట్లాగైనా ముహూర్తానికి అందాలి అన్నాడు. మేస్త్రి తల దువ్వుకుని, తన చేతిలో పెట్టాక భయమెందుకన్నాడు.

పెళ్ళికి ముందురోజు కిటికీలోంచి చూశాను. తోమిన ముక్కును ఎండకేసి పట్టుకుని, ఒక మలుపు దగ్గర బొటనవేలితో అదే పనిగా రాస్తున్నాడు. నన్ను గోరింటాకు పెట్టుకోవడానికి పిలిస్తే లేచి వెళ్ళిపోయాను. సాయంత్రానికి అది వెండిలా మెరుస్తూ బండిలో ఉంది.

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఎంత దూరమని. అయినా ఆ రోజుల్లో రోడ్డంతా గుంతలు. పైగా నల్లరేగడి దుమ్ము. ముందు డ్రైవరూ మా ఆయనా కూచున్నారు, వాళ్ళ పక్క అద్దాలు దించి ఉన్నాయి. వెనక నేనూ, మా అవ్వా, సారె బుట్టలూ. అవ్వకు చెవిపోటు, నాకు తలనిండా పూలు, చుట్టూ బుట్టల్లో మిఠాయిలు. దుమ్ము పడకుండా వెనక అద్దాలు బిగించేశారు. సగం దారి దాటేసరికి నా తల బరువెక్కింది. కణతలు కొట్టుకున్నాయి. కళ్ళముందు చెట్లు రెండు రెండుగా కనిపించాయి. అవ్వ అప్పటికే నా భుజం మీద పడి నిద్రపోతోంది. బండి ఆపమని అడగాలనిపించింది. ముందు కూచున్న మనిషితో అప్పటికి నేను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కొత్తపెళ్ళికూతురు బండి ఆపమంటే ఏమనుకుంటారో అని నోరు మూసుకున్నాను.

అత్తగారింటి ముందు దిగాను. ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. మా అత్తగారు హారతి పళ్ళెం ఎత్తారు. ఆ కర్పూరం వాసనకు గడప మీద, ఆ హారతి ముందే, వాంతి చేసుకున్నాను. మా ఆయన మేనత్త, ఆ ఇంటి పెద్దదిక్కు, నన్ను కిందినుంచి పైదాకా చూసి, "కొత్తకోడలికి అప్పుడే ఇదేంది" అంది. ఆ ఒక్క మాట చాలింది. అవ్వను నిద్రలేపడానికి ముఖాన నీళ్ళు చల్లాల్సి వచ్చింది. పెళ్ళి అలసటకు ముసలిదానికి మైకం కమ్మిందన్నారు. మరునాడు పొద్దున కాఫీ కూడా నా కడుపులో నిలవలేదు.

శోభనానికి మంచి రోజులు లేవన్నారు. నన్ను వెనకవైపు నూలు బేళ్ళు పెట్టే గదిలో పడుకోమన్నారు. తిట్టలేదు, కొట్టలేదు. వేళకు కంచం లోపలికి వచ్చేది, తెచ్చిన మనిషి నా ముఖం చూడకుండా పోయేది. డాక్టరమ్మకు చూపిద్దామని అవ్వ అంటే, చూపిస్తే ఊరంతా తెలిసిపోతుందని మా అత్తగారు భయపడ్డారు. కార్లో ఏదో వాసన వేసిందని, తనకూ తల తిరిగిందని అవ్వ చెప్పి చూసింది. మనవరాలిని కాపాడుకోవడానికి ముసలమ్మ కల్పిస్తోందనుకున్నారు. నాలుగు రోజులకు అవ్వను ఆదోనికి పంపేశారు. ఆ నెల నేను బయట చేరలేదు. రోజులు గడిచేకొద్దీ మా అత్తగారి నడక మారింది. నా గది ముందు నుంచి పోయేటప్పుడు కొంగు అడ్డం పెట్టుకునేవారు.

ఏ తప్పూ చేయని మనిషికి సిగ్గెందుకని ఇప్పటి పిల్లలైతే అడుగుతారు. ఏం చెప్పను. ఆ గదిలో నేను సిగ్గుతో కాలిపోయాను. చేసిందేమీ లేదని తెలిసీ, గడప మీద నలుగురి ముందు కక్కిన నా కడుపును చూసి నేనే అసహ్యించుకున్నాను.

ఆదోనిలో కూడా ఈ మాట పాకింది. నాయన తన పత్తి మండీకి పోవడం మానేశాడు. చివరికి మామగారి నుంచి కబురు వచ్చింది, పిల్లను కొన్నాళ్ళు తీసుకుపొమ్మని. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో అందరికీ తెలుసు. నాయన మేస్త్రిని పిలిచి, పాపను ఇంటికి తేవాలి, బండి సిద్ధం చెయ్యమన్నాడు. మేస్త్రి సరేనన్నాడు. మరునాడు పొద్దున నాయన వాకిట్లోకి వచ్చి చూస్తే బానెట్టు తెరిచి ఉంది. ముక్కు లేదు, మేస్త్రీ లేడు.

అదే పొద్దున ఎమ్మిగనూరులో, మా మామగారు పడసాలలో నేతగాళ్ళతో మాట్లాడుతుండగా, ఒక మనిషి భుజం మీద గోనెసంచి మూటతో లోపలికి వచ్చాడు. నేను నడిమింటి తలుపు సందులోంచి చూశాను. మొదట గుర్తుపట్టలేదు. బస్సు దుమ్ముతో జుట్టంతా చెదిరి కళ్ళమీద పడి ఉంది. చొక్కా జేబులో దువ్వెన ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

మూట దించి విప్పాడు. వెండిరంగు ముక్కు. తను ఫలానా అని చెప్పుకుని, చాకు తీసి ఒక మలుపు దగ్గర గీకడం మొదలుపెట్టాడు. వెండి పొర లేచింది. దాని కింద బూడిదరంగు పుట్టీ. దాన్ని కూడా పెకిలిస్తే పలకలు పలకలుగా రాలింది. అప్పుడు మూడు గొట్టాల నోళ్ళకూ, అవన్నీ కలిసే చోటుకూ గుడ్డలు కుక్కి, దేవుడి గూట్లోని ఊదువత్తులు అడిగి తీసుకుని, గుత్తిగా వెలిగించి నాలుగో గొట్టం నోట్లోంచి లోపలికి దూర్చి, ఆ నోటిని చేత్తో మూశాడు. కాసేపటికి ఆ మలుపు దగ్గర, గీతలా ఉన్న పగుల్లోంచి, సన్నగా పొగ బయటికొచ్చింది. నేతగాళ్ళు ముందుకు వంగి చూశారు.

ఇంజను పొగంతా ఇందులోంచి కారి, బండి అడుగున తుప్పుకు పడిన చిల్లుల్లోంచి వెనక సీటు దగ్గరికి ఎక్కిందని, అద్దాలు మూసి ఉంటే అది విషమని, ఇంకాస్త దూరం పోయుంటే ఇద్దరూ లేచేవాళ్ళు కాదని చెప్పాడు. పగులు తనకు ముందే కనబడిందన్నాడు. బళ్ళారికి పంపి అతికించే వ్యవధి లేక పుట్టీ కూరి రంగు పూశానన్నాడు. ఊదువత్తి పెట్టి చూస్తే పొగ అల్లాడిందని, అయినా ఎవరికీ చెప్పలేదని అన్నాడు. బండి తిరిగొచ్చిన రోజున వెండిరంగు మీద మసి చార చూసి, తుడిచి, మళ్ళీ పుట్టీ పెట్టి మళ్ళీ రంగు పూశానన్నాడు. ఇదంతా తల ఎత్తకుండా, ఇనుముతో చెబుతున్నట్టు చెప్పాడు.

మామగారు అంతా విని, "ఇన్ని దినాలూ నోట్లో ఏం పెట్టుకోనుంటివి" అని అడిగారు.

"బయపడితినప్పా" అన్నాడు.

మా ఆయన మేనత్త నమ్మలేదు. ఆమె మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఈ పిల్ల కోసరం ఇంత దూరం ఇనుము మోసుకొచ్చినాడంటే, ఈయప్పకూ ఆ పిల్లకూ ఏముండాదో ముందు అది అడగండి" అంది.

మేస్త్రి అప్పుడు మొదటిసారి తల ఎత్తాడు. కోపం తెచ్చుకోలేదు. తనకూ పెళ్ళికెదిగిన కూతురుందని మెల్లగా అన్నాడు. ఆ మాట కూడా ఎవరికీ ఆనలేదు. సంగతి అక్కడితో చెడిపోయేదే. అంతవరకూ మూల నిలబడి ఉన్న మా ఆయన, తండ్రి ముందు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషి, ముందుకొచ్చారు.

"నాకు గూడా ఆ పొద్దు తల పగిలిపోయినాది నాయనా. రెండు దినాలు తగ్గల్యా. పెండ్లాన్ని ఎనకేసుకొస్తాండానంటారని చెప్పల్యా."

అంతే అన్నారు. ముఖం ఎర్రబడిపోయింది. ఆ మాట మొదటి రోజునే అని ఉంటే నేను ఆ నూలు గదిలో ఉండేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పెళ్ళయి ఇన్నేళ్ళలో మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

మామగారు మేస్త్రిని ఇక పొమ్మన్నారు. ఎవరూ కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. ఆయన రాలిన పుట్టీ పెచ్చుల్ని చేత్తో ఊడ్చి సంచిలో వేసుకుని, ముక్కు భుజానికెత్తుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం మా అత్తగారే కాఫీ తెచ్చి ఇచ్చారు. చక్కెర సరిపోయిందా అని అడిగారు. అంతకంటే ఏమీ అనలేదు. రెండు మూడు రోజులకే నేను బయట చేరాను. ఆవిడ ఆ కబురు పక్కింటికీ ఎదురింటికీ, వీధి వినేటట్టు చెప్పుకున్నారు. నా మానం నిలబెట్టాననుకుని పాపం ఆవిడ సంతోషం. పెరట్లో చాప మీద కూచుని నేను చెవులు మూసుకున్నాను.

ఆదోనిలో మేస్త్రి పని అయిపోయింది. కార్లున్న వాళ్ళెవరూ ఆయనకు బండి ఇవ్వలేదు. ఆయన కూడా ఎవరినీ అడగలేదని విన్నాను. నాయన ఆయన్ను ఒక్క మాట అనలేదు. అనడానికి నోరు రాలేదేమో. తొందరపెట్టిందీ, మెరవాలని పట్టుబట్టిందీ తనే కదా. ఆ కారు మళ్ళీ కదల్లేదు. కొన్నాళ్ళకు పాత ఇనుము కింద పోయింది.

ఎనభైల్లో, మా పెద్దది బడికి పోతున్న కాలంలో, నాయనకు బాగలేదంటే ఆదోనికి పోయాను. మందులు తేవడానికి బజారుకు పోయి తిరిగి వస్తుంటే, కోసిగి రోడ్డు మొదట్లో ఒక చిన్న షెడ్డులో ఆయన కనబడ్డాడు. చుట్టూ రైతుల ఆయిలింజన్లు. జుట్టు నెరిసి, చింపిరిగా ఉంది. ఖాకీ నిక్కరు, మోచేతుల దాకా మసి. నన్ను చూసి లేచి, ఒక పెద్ద ఇంజను వెనక్కి తప్పుకున్నాడు. ఏదో వెతుకుతున్నట్టు అక్కడే వంగి ఉండిపోయాడు. వెళ్ళిపోదామనుకున్నాను. అయినా లోపలికి పోయి, అక్కడున్న ముక్కాలిపీట మీద కూచున్నాను.

చాలాసేపటికి బయటికొచ్చాడు. కూతురి పెళ్ళయిందన్నాడు. ఈ ఇంజన్లకు రంగు పనిలేదు, రైతులు మెరుపు అడగరు, అదే నయమన్నాడు. మా పిల్లల గురించి అడిగాడు. నేను చెప్పాను. అప్పుడు నేను ఆ సంగతి అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. అన్నేళ్ళుగా నాలో ఉన్నది అదొక్కటే.

"ఆ పొద్దు బయపడితినంటివి కదా మేస్త్రీ. బండి తిరిగొచ్చిన దినమే మసి చూసినోడివి, అన్ని దినాలు ఉత్త బయమేనా?"

ఆయన చేతిలోని మసిగుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"బయం అబద్దం కాదమ్మా. అదొకటే గూడా కాదు" అన్నాడు. "నీ గురించి ఊర్లో జనం అనేది నా సెవిన పడినప్పుడు నాకు పానం లేచొచ్చినట్లయినాది. అట్లయితే తప్పు నా పనిది కాదు గదా అని. మసి కండ్లకు కనపడతానే ఉండాది. అయినా గానీ ఆ మాటే నిజం కావల్లని ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటి తల్లీ. నీకు కడుపు నిజమని తేలితే టెంకాయ కొడతానని మొక్కుకుంటి. నిన్ను ఇంటికి తెచ్చేకి బండి సిద్దం సెయ్యమని సావుకారి అడిగిన పొద్దు, నా మొక్కు తీరబోతాదని తెల్సినాది. అప్పుడు సూసుకుంటి నన్ను నేను."

అన్నాక గుడ్డతో ముఖం కప్పుకున్నాడు. మసి ముఖానికంతా అంటుకుంది.

కోపం వస్తుందేమోనని నాలో నేను వెతుక్కున్నాను. రాలేదు. అంతవరకూ అమ్మకు గానీ, అవ్వకు గానీ, కట్టుకున్న మనిషికి గానీ చెప్పని మాట నోటిదాకా వచ్చింది. ఆయనకు తప్ప ఇంకెవరికీ చెప్పలేనని కూడా అప్పుడే తెలిసింది.

"నువ్వన్నా మొక్కుకుంటివి" అన్నాను. "నెల తప్పినాక, నేను ఆ నూలు గదిలో కూచోని, ఎవురైనా ఉన్యాడేమో అని ఎతుక్కుంటి మేస్త్రీ. మా మండీలో గుమాస్తాలు, పెండ్లికొచ్చిన చుట్టాలు, ఒక్కొక్కరి మొగం తెచ్చుకోని, నిద్రలో ఏమన్నా జరిగినాదేమో, నాకే తెలీకుండా పోయినాదేమో అని. అందరూ అంటాండారంటే ఏదో ఒకటి ఉండే ఉంటాదనుకుంటి. నా మీద నాకే నమ్మకం ల్యాకపాయ."

ఆయన గుడ్డ తీసి నా వైపు చూడబోయి, చూడలేకపోయాడు. నేనూ అంతే. ఇద్దరం ఎదురుగా విప్పి ఉన్న ఇంజను వైపు చూస్తూ కూర్చున్నాం.

బయట ఎవరో రైతు వచ్చి, తన ఇంజను బాగైందా అని అడిగాడు. మేస్త్రి మసిగుడ్డను మళ్ళీ మడవసాగాడు. రైతు మళ్ళీ అడిగాడు. నేనే లేచి, గడప దాకా పోయి, రేపు రమ్మని చెప్పి పంపాను.